డిజైన్ శాఖలో మొక్కల మనిషి: అధ్యాపక వృత్తి గురించి అడిగినవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉంది, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో (తోటలు, పార్కులు, బయళ్ల డిజైన్‌లో) మాస్టర్స్ ముగియవచ్చింది, మనసు మాత్రం భవనాల కన్నా మొక్కల మీదే ఉంది. విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, మొక్కలే కేంద్రంగా సాగే డిజైన్ మీద పరిశోధన చేయాలని ఉంది. అయితే "మొక్కలవాళ్లను డిజైన్ శాఖలో తోటమాలిగా చూస్తారు, వృక్షశాస్త్ర శాఖలో బొమ్మలు గీసేవారిగా చూస్తారు" అని ఎవరో భయపెట్టారు. పీహెచ్‌డీలో చేరాలా, ముందు డిజైన్ ఆఫీసులో పనిచేయాలా, అసలు ఈ దారిలో నిలబడగలనా అని అడిగారు.

భయపెట్టినవారు అబద్ధం చెప్పలేదు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి అయిదారేళ్లు రెంటికీ చెడ్డ రేవడి బతుకే అనిపించింది. స్టూడియో (విద్యార్థులు డిజైన్ చేసి చూపే తరగతి) సమీక్షలకు పిలిచేవారు, చివరి పది నిమిషాల్లో "మొక్కల గురించి మీరేమైనా చెబుతారా?" అని అడగడానికి మాత్రమే. అప్పటికే గోడలు, మెట్లు, నీటి కాలువలు అన్నీ ఖాయమైపోయి ఉండేవి. మిగిలిన ఖాళీల్లో ఏ మొక్క పెట్టాలో చెప్పడమే నా వంతు. ఆటలో అరటిపండునని తెలిసినా నవ్వుతూ చెప్పి వచ్చేవాణ్ని.

ఆ స్థితి నుంచి నన్ను గట్టెక్కించింది శాఖ భవనం వెనక, జనరేటర్ గది పక్కన, ఎవరికీ అక్కరలేని ఒక నేల ముక్క. అందుకే మీరు అడగని ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పీహెచ్‌డీ ఎక్కడ చేయాలో తరువాత చూద్దాం. పదేళ్లపాటు మీ చేతిలో ఉండే కొద్దిపాటి నేల ఎక్కడ దొరుకుతుందో ముందు వెతుక్కోండి. యాభై చదరపు మీటర్లు చాలు.

గోడ కట్టిన రోజు ఎలా ఉందో పదేళ్లకూ దాదాపు అలాగే ఉంటుంది. నాటిన మడి అలా ఉండదు. ఒకటి పెరిగి పక్కదాన్ని కప్పేస్తుంది, ఒకటి చచ్చిపోతుంది, మనం నాటనిది ఒకటి ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడుతుంది. ఒకే చోటును ఏళ్ల తరబడి చూసినవారికే ఈ రంగంలో "నాకు తెలుసు" అనే అర్హత ఉంటుంది. విశ్వవిద్యాలయపు లెక్కలు వేరు. పరిశోధన నిధులు రెండు మూడేళ్లకు ఇస్తారు, పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు, ఉద్యోగం ఖాయం కావడానికి చాలాచోట్ల అయిదారేళ్లు. మీరు నాటిన చెట్టు నీడనివ్వడం మొదలుపెట్టేలోపే మీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఈ వృత్తిలో నాకు కనబడిన అసలు కష్టం ఇదే. తోటమాలి అంటారా, ఇంకేమైనా అంటారా అన్నది దాని ముందు చిన్న విషయం.

నా మడుల కథ చెబితే విషయం తేలికగా అర్థమవుతుంది. రెండు మీటర్ల చదరాలు పన్నెండు చేశాను. ఆరింటిలో మంచి పైమట్టి, బాగా చివికిన ఎరువు. ఆరింటిలో పాత కట్టడం కూల్చగా వచ్చిన ఇటుక ముక్కలు, కంకర, పైన కొద్దిగా ఇసుక. పన్నెండింటిలోనూ ఒకే విత్తనాల మిశ్రమం చల్లాను. మొదటి ఏడాది ఎరువు వేసిన మడులు చూడముచ్చటగా ఉండేవి. దారిన పోయేవారు ఆగి ఫొటోలు తీసుకునేవారు. ఇటుక ముక్కల మడులు బట్టతల మీద వెంట్రుకల్లా ఉండేవి. ఒక సహోద్యోగి ఓదార్పుగా నా భుజం కూడా తట్టారు.

మూడో ఏడాదికి తలకిందులైంది. ఎరువు మడుల్లో పొడవాటి గడ్డి ఒకటి మిగతావాటిని కప్పేసింది. కింద చేయి పెట్టి చూస్తే తడి, చీకటి, తెల్లబడిపోయిన కాడలు. ఇటుక ముక్కల మడుల్లో ఏ మొక్కా మోకాలి ఎత్తు దాటలేదు, అందుకే చల్లినవాటిలో సగానికి పైగా జాతులు పక్కపక్కనే బతికాయి. నేను కొత్తగా కనుక్కున్నదేమీ లేదు. ఇంగ్లాండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856లో మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్న గడ్డినేల ప్రయోగం ఇదే చెబుతుంది. ఏమీ వేయని మడుల్లో నలభైకి అటూ ఇటూగా జాతులు నిలిచాయి. ఏటా నత్రజని ఎరువు దట్టించగా నేలలో ఆమ్లత్వం పెరిగిపోయిన కొన్ని మడుల్లో రెండు మూడు జాతులే మిగిలాయి. ఎందుకిలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో వృక్ష పర్యావరణ శాస్త్రవేత్త ఫిలిప్ గ్రైమ్ 1970లలో ఒక పనిముట్టు ఇచ్చారు. మొక్కలను పోటీదారులు, ఓర్చుకునేవి, ఖాళీ దొరికితే వచ్చి త్వరగా విత్తనం పెట్టి పోయేవి అని మూడు స్వభావాలుగా చూడమన్నారు. డిజైన్ విద్యార్థికి మొక్కల గురించి ఒకే పాఠం చెప్పే అవకాశం ఉంటే నేను ఇదే చెబుతాను. రంగు, ఎత్తు, పూసే నెల తరువాత నేర్చుకోవచ్చు.

ఈ విషయాలన్నీ చదివే ఉన్నాను, అయినా నమ్మింది నా మడిలో చేయి పెట్టి చూశాకే. ఆ తరువాత సమీక్షల్లో నా మాట తీరు మారింది. "ఇక్కడ అర మీటరు పైమట్టి వేస్తున్నారు కదా, మూడేళ్లకు మీ రెండర్‌లో (కంప్యూటర్ బొమ్మలో) చూపిన ఇరవై జాతుల్లో నాలుగే మిగులుతాయి, ఏ నాలుగో కూడా చెప్పగలను" అంటే స్టూడియో మొత్తం తలెత్తి చూసింది. అభిరుచి గురించి మాట్లాడినన్నాళ్లూ వినని వారు, రాబోయే సంగతి చెప్పేసరికి విన్నారు.

రెండో సంఘటన ఇంకా విలువైన పాఠం నేర్పింది. అయిదో ఏడాది, నేను పది రోజులు ఊళ్లో లేనప్పుడు, ప్రాంగణ నిర్వహణ సిబ్బంది నా మడులన్నింటినీ యంత్రంతో నున్నగా కోసేశారు. ఒక సీజను లెక్కలు మట్టిలో కలిశాయి. కోపంగా వెళ్తే సిబ్బందిలోని పెద్దాయన నిజాయితీగా అన్నారు: "సార్, పట్టించుకునేవారు లేక అడవిలా పెరిగిపోయింది అనుకున్నాం." తప్పు ఆయనది కాదు. ల్యాండ్‌స్కేప్ పరిశోధకురాలు జోన్ నసావర్ 1995లో రాసిన వ్యాసంలో చెప్పింది అక్షరాలా ఇదే. జీవవైవిధ్యం ఉన్న చోటు జనానికి చిందరవందరగా కనబడుతుంది. ఎవరో శ్రద్ధ పెడుతున్నారన్న గుర్తు కనబడితే అదే చోటును మెచ్చుకుంటారు. ఆ మరుసటి వారం మడుల చుట్టూ అర మీటరు వెడల్పున గడ్డిని పొట్టిగా కోయించి, ఒక బెంచీ వేయించాను. అప్పటి నుంచి ఎవరూ యంత్రం పెట్టలేదు. పైగా ఒక పరిశోధన ప్రశ్న దొరికింది: అంచు ఎంత వెడల్పుగా ఉంటే లోపలి అడవితనాన్ని జనం సహిస్తారు? నేను గైడుగా ఉన్న మొదటి పీహెచ్‌డీ దాని మీదే.

ఇక పీహెచ్‌డీ విషయం. ఈ రంగానికి అది మొదటి నుంచీ ఉన్న సంప్రదాయం కాదు. హార్వర్డ్‌లో 1900లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ విద్య మొదలైనప్పటి నుంచి ఇది వృత్తి విద్యగానే పెరిగింది. అమెరికాలో చాలాకాలం మాస్టర్స్ పట్టా, మంచి డిజైన్ పని ఉంటే అధ్యాపకులు కాగలిగేవారు. కొన్నిచోట్ల ఇప్పటికీ అంతే. మిగతా చాలా దేశాల్లో పీహెచ్‌డీ లేకుండా తలుపు తెరుచుకోవడం కష్టమవుతోంది. కాబట్టి చేయండి, కానీ వెంటనే వద్దు. ఇద్దరు గైడులు ఉండేలా చూసుకోండి, ఒకరు వృక్ష పర్యావరణం వైపు నుంచి, ఒకరు డిజైన్ వైపు నుంచి. ఇద్దరూ ఒకరి పని ఒకరు చదివినవారై ఉండాలి. లేకపోతే మీ థీసిస్ ఇద్దరి మధ్య తగవులా తయారవుతుంది. ప్రతి సమావేశం తరువాత ఏమి ఒప్పుకున్నారో నాలుగు వాక్యాలు రాసి ఇద్దరికీ పంపండి.

వెంటనే వద్దు అనడానికి కారణం ఆఫీసు. కనీసం రెండేళ్లు పనిచేసి రండి, అదీ డ్రాయింగులు సైట్ దాకా వెళ్లే ఆఫీసులో. డిజైన్ పోటీలకు చిత్రాలు మాత్రమే తయారుచేసే ఆఫీసులో అరచేతిలో వైకుంఠం చూపించడం తప్ప ఏమీ నేర్చుకోరు. మీరు ఎంతో ఆలోచించి రాసిన మొక్కల జాబితా నర్సరీ దాకా వెళ్లి "అది లేదు, దీనికి బదులు ఇది" అని తిరిగొచ్చినప్పుడు ఏమవుతుందో ఒక్కసారైనా అనుభవించాలి. కాంట్రాక్టులో నిర్వహణ గడువు ముగిసిన మర్నాడు సైట్ ఎలా ఉంటుందో చూడాలి. రోలర్ తిరిగిన మట్టిలో గునపం దిగకపోతే వేరు మాత్రం ఎలా దిగుతుందో అక్కడే తెలుస్తుంది. ఇవి తెలియని అధ్యాపకుడి పాఠం విద్యార్థులకు రెండు వారాల్లో తేలిపోతుంది.

ఒక ఉదాహరణ. ఒక విద్యార్థిని మేడ మీద తోట గీసింది. అందమైన ప్లాను. చెట్లకు గుర్తుగా అయిదు మీటర్ల వ్యాసంతో పచ్చని గుండ్రాలు, వాటి నీడలు కూడా వేసింది. మట్టి లోతు అరవై సెంటీమీటర్లు అని రాసింది. బరువెంత అని అడిగితే "ఇంజనీర్లు చూసుకుంటారు" అంది. ఒక లీటరు డబ్బా తెచ్చి, మట్టి నింపి, నీళ్లు పోసి నానబెట్టి, కాటా మీద పెట్టమన్నాను. రెండు కిలోలకు కొద్దిగా తక్కువ వచ్చింది. తనే లెక్కవేసుకుంది: చదరపు మీటరుకు ఒక టన్నుకు పైగా. ముఖం పాలిపోయింది. అప్పుడు ఆ గుండ్రాలను తుడిపేసి, మట్టికి బదులు వాడే తేలికైన మాధ్యమం, స్తంభాల నెత్తిన మాత్రమే లోతైన మట్టి, మిగతా చోట్ల గడ్డిజాతులు, ఇలా మళ్లీ గీసింది. రెండో ప్లాను మొదటిదానికన్నా చాలా బాగుంది. మట్టి లోతు మీద పెట్టిన హద్దు నుంచే దాని ఆకారం పుట్టింది. మొక్కలే కేంద్రంగా డిజైన్ అంటే నా దృష్టిలో ఇదే. మొక్కలు ఎక్కువగా పెట్టడానికీ దీనికీ సంబంధం లేదు. చెట్టుకు ఏమి కావాలో అన్నది ప్లానులో మొదటి గీత గీసే ముందే బల్ల మీదకు రావాలి.

అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడే ఒక షరతు పెట్టుకోండి: స్టూడియో కూడా చెబుతాను. "మొక్కల పరిచయం" పేపరు ఒక్కటే ఇస్తామంటే మర్యాదగా బేరం ఆడండి. స్టూడియో చేతిలో లేని మొక్కల అధ్యాపకుడు పదేళ్లు పేర్లు వల్లెవేయిస్తూనే ఉండిపోతాడు.

పేర్లు నేర్పడం తక్కువ పని అని కాదు. నేను ఇప్పటికీ పూలు లేని కొమ్మలతోనే పరీక్ష పెడతాను: ఆకు అమరిక, మొగ్గ, బెరడు వాసన చూసి చెప్పాలి. కానీ అంతకన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఒకటుంది. సెమిస్టర్ మొదటి రోజు ప్రతి ఒక్కరికీ పది విత్తనాలు ఇస్తాను. వారానికొకసారి మొక్కను అసలు కొలతలో గీయాలి, చివర్లో పెరికి వేరును కూడా గీయాలి. మొక్క చనిపోయినా మార్కులు తగ్గవు, చనిపోయిన వారం బొమ్మ మాత్రం ఉండాలి. ఒక కుర్రాడికి పదీ మొలకల దశలోనే కుళ్లి పడిపోయాయి. వాడు ఆ పది కాడలనూ, మట్టి దగ్గర నల్లబడిన చోటునూ అంత శ్రద్ధగా గీశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా గది గోడ మీద ఉంది.

పరిశోధన సంగతికి వస్తే, ఒక నెమ్మది పని, రెండు త్వరిత పనులు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. నెమ్మది పని మీ మడి. దాని నుంచి మొదటి నాలుగేళ్లలో ఏమీ ఆశించకండి. త్వరిత పనులు పదోన్నతి ఫైలుకు అన్నం పెడతాయి: ట్రేలలో మొలక శాతం పరీక్షలు, రకరకాల మాధ్యమాల పోలికలు, జనం ఏ రకం నాటుడును ఇష్టపడతారన్న సర్వేలు. ఇవి ఒకటి రెండు సీజన్లలో పత్రాలవుతాయి. వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు, వీటితోనే జీవితం గడపనూ వద్దు.

రెండింటికీ మధ్య ఒక పని ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. పదేళ్ల కిందట కట్టిన ఒక పార్కు మొక్కల ప్లాను సంపాదించండి. దాన్ని పట్టుకుని వెళ్లి, నాటినవాటిలో ఏమున్నాయి, ఏవి లేవు, కొత్తగా ఏవి వచ్చాయి అని ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. తరువాత అక్కడ పనిచేసే తోటవారితో కూర్చోండి. "ఇది ఎందుకు పోయింది?" అని అడిగితే ఏ పత్రికలోనూ రాని జవాబులు వస్తాయి: నీళ్ల గొట్టం పొడవు అక్కడిదాకా రాదు, అక్కడ జనం అడ్డదారిన నడుస్తారు, కలుపు అనుకుని పీకేశాం. పదేళ్ల కాలం మీ తరఫున ఇంకెవరో గడిపి ఉంచారు, మీరు వెళ్లి చదువుకోవడమే. డిజైన్ చేసినవారికి ముందు చూపించి, తరువాతే ప్రచురించండి. పరువు తీశారని ఒకాయన నాతో రెండేళ్లు మాట్లాడలేదు.

నెమ్మది పనికి భయపడుతున్నారా? ఈ రంగంలో నిలిచిన పనులు చూడండి. జర్మనీలో వైహెన్‌స్టెఫాన్ బోధనా తోటలో రిచర్డ్ హాన్సెన్ బహువార్షిక మొక్కలను దశాబ్దాలపాటు గమనించారు. చెట్ల కింద, చెట్ల అంచున, బయలులో, రాళ్ల మధ్య, నీటి ఒడ్డున, ఇలా ఏ చోటుకు ఏవి చెందుతాయో విడదీశారు. ఆ పని పుస్తకంగా వచ్చింది 1981లో. ఇంగ్లాండ్‌లో బైబరీ గ్రామం దగ్గర రోడ్డు అంచుల గడ్డిని ఆర్థర్ విల్లిస్ 1958 నుంచి ఏటా లెక్కపెట్టారు. 38 ఏళ్ల ఆ లెక్కలకూ వాతావరణానికీ సంబంధాన్ని 1998లో పత్రంగా ప్రచురించినప్పుడు మొదటి రచయిత నైజెల్ డన్నెట్. అదే డన్నెట్, షెఫీల్డ్‌లో సహోద్యోగి జేమ్స్ హిచ్‌మఫ్‌తో కలిసి 2012 లండన్ ఒలింపిక్ పార్కులో పూల బయళ్లను రూపొందించారు. ఆ రంగులు చూసి మురిసినవారిలో ఎంతమందికి వాటి వెనక రోడ్డు పక్కన వంగి గడ్డిపరకలు లెక్కపెట్టిన ఏళ్లున్నాయని తెలుసు?

ఇక్కడొక పక్కమాట. మీ తరం విద్యార్థులందరూ డచ్ తోటల డిజైనర్ పీట్ ఔడాల్ఫ్‌ను అనుకరిస్తున్నారు. నాకూ ఆయన పని ఇష్టమే. కానీ ఆయన మొక్కల డిజైన్ చేసిన న్యూయార్క్ హై లైన్‌లో (పాత ఎత్తైన రైలు మార్గం మీద కట్టిన పార్కులో) 1980లో రైళ్లు ఆగిపోయాక పట్టాల మధ్య వాటంతట అవే మొలిచిన మొక్కలే ఆ డిజైన్‌కు మూలం. తొలి భాగం 2009లో తెరిచారు. ఔడాల్ఫ్ అధ్యాపకుడు కాదు, ఏళ్ల తరబడి నర్సరీ నడిపి, మొక్కలను పెంచి, చంపి నేర్చుకున్న మనిషి. ఆ గడ్డిజాతులనే తెచ్చి వేరే వాతావరణంలో నాటితే ఫొటో వస్తుందేమో కానీ తోట రాదు. మీ చుట్టూ పాడుబడిన చోట్ల ఏమి మొలుస్తోందో చూడటం నిజమైన అనుకరణ.

పదోన్నతి గురించి దాచకుండా చెబుతాను. మొదటిసారి నా దరఖాస్తు వెనక్కి వచ్చింది. పదోన్నతి సంఘంలో ఒకరు "తోట పరిశోధన ఎలా అవుతుంది?" అని అడిగారు. నేను ఆవేశంగా జవాబిచ్చాను, ఆవేశం సమావేశపు మినిట్స్‌లో ఎక్కదు. మూడేళ్ల తరువాత మళ్లీ వెళ్లినప్పుడు మాట తక్కువ, ఫైలు ఎక్కువ. నాటిన రోజు ప్లాను, విత్తనాల మోతాదు, మట్టి పరీక్ష, ఏటా అదే నెలలో అదే చోట నిలబడి తీసిన ఫొటోలు, జాతుల లెక్కలు, విఫలమైనవాటి జాబితా, బయటి నిపుణులిద్దరు సైట్ చూసి రాసిన అభిప్రాయాలు. అదే వ్యక్తి చాలాసేపు పేజీలు తిప్పి, "విఫలమైనవాటిని ఎందుకు పెట్టారు?" అన్నారు. "అవి లేకపోతే మిగతావి నమ్మరు కదా" అన్నాను. దరఖాస్తు నెగ్గింది. కాబట్టి మీ మొదటి ప్రాజెక్టు నుంచే ఈ కాగితాలు దాచండి. ఫొటో తీసే చోట నేలలో ఒక మేకు దిగ్గొట్టండి. వచ్చే ఏడాది అక్కడే నిలబడ్డాననుకుంటారు, రెండు అడుగులు పక్కన ఉంటారు.

సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగారు. గీసే సాఫ్ట్‌వేర్ మీకు ఇప్పటికే వచ్చి ఉంటుంది, అదెలాగూ అయిదేళ్లకోసారి మారుతుంది. గణాంకాలు మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి. 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉచితం. ప్రయోగం వేసే ముందే గణాంకాలు తెలిసినవారికి చూపించండి. నా పన్నెండు మడుల్లో ఎరువువన్నీ ఒక పక్క, ఇటుకవన్నీ ఒక పక్క పెట్టాను. తేడా మట్టి వల్ల వచ్చిందా, జనరేటర్ గది నీడ వల్ల వచ్చిందా అని పత్రాన్ని సమీక్షించినవారు అడిగితే జవాబు లేదు. ఆ పత్రం అచ్చు కాలేదు. చీటీలు వేసి మడులను కలగలిపి ఉంటే సరిపోయేది.

మడిలో మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద పెట్టే చదరపు చట్రం ఎక్కడ కొనాలని అడిగితే, కొనకండి. అర మీటరు పొడవు పీవీసీ గొట్టాలు నాలుగు, మూల కీళ్లు నాలుగు చాలు. నాలుగు మూలలూ జిగురుతో అతికించకండి. గడ్డి నడుము ఎత్తు పెరిగాక చట్రాన్ని పైనుంచి దించితే కాడలు విరుగుతాయి. ఒక పక్క గొట్టం విప్పి, మొదళ్ల దగ్గర నుంచి మెల్లగా దూర్చి, మళ్లీ బిగించాలి.